వెడల్పు మూడు వందల పది

తుమ్ము వచ్చేటట్టుంది, ఈ పప్పుమిల్లు ఆఫీసులో మినప్పొట్టు దుమ్ము ఎప్పుడూ గాలిలో తేలుతూనే ఉంటుంది, తుమ్మితే కళ్ళు మూసుకుపోతాయి, మూసుకుని తెరిస్తే మౌసు బాణం ఎక్కడుందో మళ్ళీ మొదటినుంచి వెతకాలి, నేను వెతుకుతున్నానని వెనక నిలబడ్డవాళ్ళకు తెలిసిపోతుంది, అందుకే ముక్కు నులుముకుని, ఊపిరి బిగబట్టి, బాణం మీదినుంచి చూపు తీయకుండా కూర్చున్నాను, మిల్లు ముదలాళి, అంటే యజమాని, శంకరలింగం అన్నాచ్చి నా కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు, ఆయన కొత్తగా తెప్పించిన మానిటరు ఇది, పంతొమ్మిది అంగుళాలంట, విరుదునగరులో మొదటిది తనదేనని ఇప్పటికి మూడుసార్లు చెప్పాడు, కోవిల్‌పట్టిలో మా కంప్యూటర్ సెంటర్లో ఉన్నవన్నీ పద్నాలుగు అంగుళాలవే, వాటికి అలవాటుపడ్డ నాకు ఇది బళ్ళో గోడ పొడుగునా ఉండే నల్లబల్ల మాదిరి ఉంది, ఎక్కడ మొదలవుతుందో ఎక్కడ అయిపోతుందో ఒక్క చూపులో పట్టడం లేదు, పట్టడం లేదని చెప్పడానికీ లేదు, కళ్ళు కనబడనివాడికి కంప్యూటరు పని ఎవరిస్తారు.

కళ్ళు కనబడనివాడు అని నా గురించి నేను అనుకోను, ఎదురుగా ఉన్నదంతా కనబడుతుంది, సూదిలో దారం ఎక్కిస్తాను, దినపత్రికలో చిన్నక్షరాలు చదువుతాను, పక్కలే కనబడవు, పోయినేటికీ ఈయేటికీ పక్కలు ఇంకొంచెం దగ్గరికి జరిగాయి, బస్సులో పొద్దున సాత్తూరు దగ్గర కండక్టరు చెయ్యి చాచి టికెట్టు ఇస్తుంటే ఆ చెయ్యి నాకు తగిలాక గానీ తెలియలేదు, ఏంసార్ పగటి కలా అన్నాడు, అవునని నవ్వాను, ఇలా నవ్వి తప్పించుకోవడం బాగా వచ్చింది నాకు, మా ఇసక్కి మామ కూడా అలాగే నవ్వేవాడు, ఆయన మా అమ్మకు తమ్ముడు, ముందు పొద్దుగూకే వేళ దారి తెలియకుండా పోయింది ఆయనకు, మాలైక్కన్ను అన్నారు వీధిలో, సాయంకాలం వచ్చే గుడ్డితనం అని, మేక కార్జం కాల్చి తినిపించారు, తిన్నాడు, ఏమీ కాలేదు, తర్వాత పక్కలు మూసుకుపోయాయి, నలభై దాటేసరికి గొట్టంలోంచి చూసినట్టు చూసేవాడు, ఎదుటి మనిషి ముక్కు కనబడితే చెవులు కనబడేవి కావు, ఒరే ముత్తురాజూ నీకు చెవులు రెండూ ఉండాయా ఒగటి ఎవుడికన్నా ఇచ్చిడిస్తివా అని అడిగేవాడు, మేము పిల్లలం పడీపడీ నవ్వేవాళ్ళం, ఒకరోజు పట్టాల పక్కన నడుస్తూ, వద్దు, అది వద్దు, ఇప్పుడు కాదు, నేను పెళ్ళి చేసుకున్నది మా అక్క కూతురు జెయంతిని, మావాళ్ళలో అదే పద్ధతి, బయటినుంచి పిల్లను తెస్తే మీ అక్కకు కూతురు లేదా అని వీధంతా అడుగుతారు, అంటే ఇసక్కి మామ రక్తం నాలో ఒక పాలు, జెయంతిలో ఒక పాలు, మా కూతురు మారిసెల్విలో రెండు పాళ్ళు, ఆరేళ్ళ పిల్ల, ఇవాళ దాని బళ్ళో కంటి పరీక్ష, మదురైనుంచి డాక్టర్లు వచ్చారు, సాయంత్రం నాలుగింటిదాకా చూస్తారు, పొద్దున నేను బయలుదేరుతూ, జెయంతీ, పాపకు వొళ్ళు వెచ్చగా ఉండాది, ఇయ్యాల బడికి పంపొద్దు అన్నాను, వొళ్ళు వెచ్చగా లేదు, జెయంతి పాప నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది, తర్వాత నా మొహం చూసింది, సరి మామా అంది, ఎందుకలా చూసిందో, ఎందుకు సరి అందో, నేను ఆలోచించకుండా చెప్పులేసుకున్నాను, పరీక్ష చేస్తే ఒక పేరు చెప్తారు, పేరు చెప్తే ఆ పేరు పిల్లతోపాటే పెరుగుతుంది, పేరు లేకుండా ఇంకొన్నేళ్ళు ఉండనీ, ఇంకొక్క ఏడు, ఈ ఒక్క ఏడు.

ఏంపా ముత్తురాజ్, తూక్కమా, నిద్రపోతివా, జన్నల్‌ను పెద్దది చేసి చూపవయ్యా, అని అన్నాచ్చి తమిళంలో అంటున్నాడు, ఆయనకు విండో అంటే జన్నలే, కిటికీయే, ఇదో అన్నాచ్చి అని బాణాన్ని విండో అంచుకు నడిపించాను, దీనికోసమే నేనొచ్చింది, నేను రాసిన సాఫ్ట్‌వేరు మామూలుది కాదు, దాంతో వేరే స్క్రీన్లు గీసుకోవచ్చు, కోడు రాయడం రానివాళ్ళు కూడా ఇక్కడొక గడి, అక్కడొక బటను, పైనొక పేరు అని మౌసుతో లాగి పెట్టుకుంటే వాళ్ళ మిల్లుకు కావలసిన విండో వాళ్ళే తయారు చేసుకోవచ్చు, మూట తూకానికి ఒకటి, లారీ నంబర్లకు ఒకటి, ఎనిమిదో క్లాసులో బడి మానేసి అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పుల్లలు పేర్చినవాణ్ణి నేను, కంప్యూటర్ సెంటర్లో తుడవడానికి చేరి, తుడుస్తూ చూస్తూ, చూసిందాన్ని అడుగుతూ నేర్చుకున్నాను, తొంభై ఆరులో మొదటిది రాశాను, ఈ రెండువేల ఒకటి దాకా ముప్పై చోట్ల నడుస్తోంది, అందరూ మెచ్చుకున్నారు, ఒక్కటే దెప్పారు, విండో కొలత మాత్రం మార్చడానికి లేదు, వెడల్పు ఎంత, ఎత్తు ఎంత అనేది నేనే లోపల రాసి బిగించేశాను, మార్చుకునేటట్టు చెయ్యి చెయ్యి అని అయిదేళ్ళు అడిగారు, మెమొరీ చాలదన్నాను, బొమ్మ వణుకుతుందన్నాను, పెద్ద విండో చూస్తే కళ్ళు నొప్పెడతాయన్నాను, ఏది నోటికొస్తే అది అన్నాను, చివరకు మా సెంటర్ హరికృష్ణన్ సార్ బల్ల గుద్దాడు, ఒరే, కొనేవాడు వానింటికి వాడు జన్నలు పెట్టుకుంటానంటే వద్దనేదానికి నువ్వెవుడురా, చేస్తావా, లేకుంటే వేరేవాణ్ణి పెట్టి చేయించేదా, చేస్తా సార్ అన్నాను, కొలత మార్చడానికి ఇంత భయమెందుకో అప్పుడు నాకే తెలియలేదు.

చేశాను, రెండు నెలలు పట్టింది, విండో చుట్టూ ఎనిమిది చిన్న నల్ల చదరాలు, మూలకొకటి నాలుగు, అంచు నడుమ ఒకటి నాలుగు, దేన్ని పట్టి లాగితే విండో అటు పెరుగుతుంది, కింద రెండు గళ్ళు, ఒకదాంట్లో వెడల్పు, ఒకదాంట్లో ఎత్తు, లాగడం ఇష్టం లేనివాళ్ళు అంకె కొట్టుకోవచ్చు, పెంచడం సులభంగానే వచ్చింది, తగ్గించడమే ప్రాణం తీసింది, అంచును లోపలికి తోస్తే అంచుకు అవతల పడిపోయిన బటన్లు ఏమవుతాయి, చావవు, ఉంటాయి, కొలతల్లో ఉంటాయి, చూడటానికి ఉండవు, నొక్కడానికి అందవు, అక్కడ ఒకటుందని పెట్టినవాడికి తప్ప ఇంకొకరికి తెలియదు, మూడు వారాలు దాంతోనే కొట్టుకుని, చివరికి, లోపలున్న ఆఖరి బటన్‌ను దాటి అంచు రాకుండా అడ్డం వేశాను, ఎంత తోసినా అంచు అక్కడికొచ్చి ఆగుతుంది, మొదటిసారి అలా ఆగినప్పుడు సెంటర్లో ఎవరూ లేరు, నేను ఆ అంచును తోస్తూనే కూర్చున్నాను, అది ఆగుతూనే ఉంది, రాదు, రానియ్యను అంటున్నట్టు, అంత గట్టిగా ఆగేది ఒక్కటన్నా ఉందే అని నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఎవరన్నా చూస్తే పిచ్చి పట్టిందనుకునేవాళ్ళు.

ఇప్పుడు కుడివైపు కింది మూల చదరాన్ని పట్టి లాగాను, విండో పెరిగింది, అన్నాచ్చికి సంతోషం పట్టలేదు, ఏదీ, దాన్ని నాకియ్యి అని మౌసు లాక్కున్నాడు, లాగి లాగి మానిటరు నిండా పరిచాడు, ఇది జన్నల్, ఇదిదాన్ జన్నల్, ఇన్నాళ్ళు నువ్విచ్చింది కోళ్ళగూటికి పెట్టే జన్నల్‌పా, అని ఒక బటన్ తీసి ఎక్కడో పెట్టాడు, ఎక్కడ పెట్టాడో నేను చూడలేకపోయాను, ఆయన చెయ్యి నాకంటే తొందరగా పోయింది, మూట లెక్కిచ్చేసినాక నొక్కాల్సిన బటను అది, ఏదీ నువ్వు నొక్కు, చెల్లమ్మాళ్ కూడా చూడనీ, ఆమెదానే దినమూ నొక్కాల్సింది, అని మౌసు నాకు తోశాడు, చెల్లమ్మాళ్ అమ్మ ఈ మిల్లులో కంప్యూటరు కొట్టే ఆమె, యాభై దాటిన మనిషి, ఎప్పుడొచ్చిందో, నా కుడిపక్కనే నిలబడి ఉందన్న సంగతి ఆమె గాజుల చప్పుడుతో తెలిసింది, ఇప్పుడు వెతకాలి, నాగలితో సాలు తోలినట్టు ఎడమనుంచి కుడికి పోయాను, ఒక వరుస కిందికి దిగి మళ్ళీ కుడినుంచి ఎడమకు, కళ్ళతోపాటు తల కూడా తిప్పాల్సి వస్తోంది, తల తిప్పుతున్నట్టు తెలియకూడదని మెడ సవరించుకున్నట్టు నటిస్తూ, బూడిదరంగు, అంతా బూడిదరంగు, పొద్దుగూకినాక ఫ్యాక్టరీలో పుల్లలు పేర్చే చట్రం ఇలాగే ఉండేది నాకు, పదమూడేళ్ళవాణ్ణి, పక్కనున్న పిల్లలందరి వేళ్ళూ గాడిలోకి గాడిలోకి పోతుంటే నా వేళ్ళు మాత్రం కొయ్యను తడుముతూ, మేస్త్రీ వచ్చి నెత్తిన మొట్టి, ఏమిరా నిద్రా అని, ఏంపా అక్కడ కాదుపా, ఇంకా కింద, అరే, ముక్కు ముందర పెట్టినట్టు పెట్టినానే, అని అన్నాచ్చి, చెమట పట్టింది నాకు, మౌసులో బంతికి దుమ్ము పట్టింది అన్నాచ్చీ, అందుకే తిరగడం లేదు, అని మౌసును తిప్పి మూత తీశాను, బంతి జారి నేలమీద దొర్లింది, అమ్మా తల్లీ పోయెనే అన్నాను, వంగి వెతికాను, నేలమీద కూడా వెతకాల్సి వచ్చింది, ఆ బంతి నా కాలి పక్కనే ఉందంట, చెల్లమ్మాళ్ అమ్మ తీసి నా అరచేతిలో పెట్టింది, చేతికివ్వలేదు, అరచెయ్యి పట్టుకుని అందులో పెట్టింది, తర్వాత మాట్లాడకుండా మానిటరు అద్దం మీద వేలు ఆనించింది, కుడివైపు, కింద, చివ్వరి మూలన, ఆ వేలినే గురిగా పెట్టుకుని బాణాన్ని నడిపించి బటన్ నొక్కాను.

ఆఁ, అదీ, అని అన్నాచ్చి చప్పట్లు కొట్టాడు, ఆయనకు ఏమీ అనుమానం రాలేదు, రాలేదనుకుంటాను, వస్తే ఇలా నవ్వడు, సరిపా, పాత స్క్రీన్లు ఇందులో తెరుచుకుంటాయా లేక మళ్ళీ మొదటినుంచి గీయాలా, అన్నాడు, తెరుచుకుంటాయి అన్నాచ్చీ అని ధైర్యంగా అన్నాను, ఇది నాకు తెలిసిన సంగతి, వీళ్ళు తొంభై ఆరునుంచి నా దగ్గర కొంటున్నారు, ప్రతి కొత్త రకంలోనూ ఒక స్క్రీను గీయించుకున్నారు, అన్నీ ఈ కంప్యూటర్లోనే ఉన్నాయి, మొదటిది తెరిచాను, తూకం స్క్రీను, తొంభై ఆరుది, వచ్చింది, కింద కొత్తగా పెట్టిన గళ్ళలో అంకెలు కూడా వాటంతట అవే వచ్చాయి, వెడల్పు ఆరు వందల ఇరవై, మంచిది, రెండోది తెరిచాను, తొంభై ఎనిమిది, లారీ స్క్రీను, వెడల్పు అయిదు వందల నలభై, మూడోది తొంభై తొమ్మిది, నాలుగు వందల ముప్పై, నా చెయ్యి ఆగింది, పోయినేడుది తెరిచాను, తెరవకపోతే బాగుండేది, తెరవమని అన్నాచ్చి అంటున్నాడు, వెడల్పు మూడు వందల పది.

ఏంపా ఇది, ఏటికేడు చిక్కిపోతుండాదే, నీ జన్నల్‌కు అన్నం పెట్టలేదా నువ్వు, అని అన్నాచ్చి నా భుజం మీద చరిచి నవ్వాడు, చెల్లమ్మాళ్ అమ్మ నవ్వలేదు, ఆమె గాజులు కూడా చప్పుడు చేయలేదు, నేను నవ్వాను, నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది, ఈ అంకెలు నాకు ఎవరూ చెప్పలేదు, కొలబద్ద పెట్టి కొలవలేదు, ప్రతిసారీ కొత్తది రాసేటప్పుడు విండోను అటు జరిపి ఇటు జరిపి, ఇదిగో ఇప్పుడు కంటికి బాగుంది, ఇప్పుడు అంతా ఒక్క చూపులో కనబడుతోంది అనుకున్నచోట ఆపి, ఆ అంకెను రాసి బిగించేవాణ్ణి, చిన్న విండో అయితే అందంగా ఉంటుంది అనేవాణ్ణి అందరితో, నాకు చిన్నవే ఇష్టం అనేవాణ్ణి, అది ఇష్టం కాదు, డాక్టరు దగ్గరికి పోకుండా అయిదేళ్ళుగా నా కళ్ళను నేనే పరీక్ష చేసి, తేదీ వేసి, ముప్పై ఊళ్ళలో ముప్పై కంప్యూటర్లలో దాచిపెట్టాను, అరుప్పుకోట్టైలో మగ్గాలవాళ్ళ దగ్గర ఉంది, ఆలంగుళంలో ఉంది, సాత్తూరులో ఉంది, కొలత కనబడేటట్టు నేనే గళ్ళు పెట్టాను, నేనే తెరిచాను, ఆరు వందల ఇరవైనుంచి మూడు వందల పదికి, సరిగ్గా సగం, నాలుగేళ్ళలో సగం, పోయిన ఒక్క ఏడులోనే నూట ఇరవై, ఈ ఏటికి నూట తొంభై, వచ్చే ఏటికి, కూడొద్దు, తీసెయ్యొద్దు, లెక్క పెట్టొద్దు, కానీ లెక్క దానంతట అదే పోతోంది, వచ్చే ఏటికి డెబ్భై, డెబ్భై అంటే ఒక బటన్ అంత, ఒక బటన్ అంత చోటులోంచి నేను జెయంతిని చూడాలి, మారిసెల్వికి అప్పుడు ఏడేళ్ళు, అది పరిగెత్తుకుంటూ వస్తే ఏ పక్కనుంచి వస్తోందో నాకు తెలియదు, దానికి నేను కనబడతానా, దాని విండో ఎంత, ఇప్పుడు ఈ నిమిషంలో ఎంత, దానికి ఎవరు గళ్ళు పెట్టి చూశారు, చూడనియ్యకుండా చేసింది నేనే కదా.

బయట లారీ హారను మోగింది, మూటలొచ్చినాయి అని అన్నాచ్చి వేష్టి ఎత్తికట్టుకుని పోయాడు, ఆఫీసులో నేను, చెల్లమ్మాళ్ అమ్మ, మర తిరిగే చప్పుడు, ఆమె స్టూలు లాగి నాకు ఎదురుగా వేసుకుంది, పక్కన కాదు, సరిగ్గా ఎదురుగా, మీరు తెలుగోళ్ళాప్పా, అంది తెలుగులో, బంతి పడినప్పుడు నా నోటినుంచి వచ్చిన మాట ఆమె పట్టుకుంది, బయట తెలుగు వినబడితే ఎప్పుడూ ఒక్క క్షణం ఉలిక్కిపడతాను, ఇంట్లోది ఎవరో వీధిలోకి తెచ్చినట్టు, అవునమ్మా అన్నాను, కోవిల్‌పట్టిలో ఏ వీధి, అంది, ఆ ప్రశ్నకు వెనక ఏ కులమనే ఇంకో ప్రశ్న ఉంటుంది, ఆమె మాట తీరులోనే తెలుస్తోంది, ఆమెవాళ్ళు నల్లరేగడి పొలాలున్నవాళ్ళు, మేము ఆ పొలాల్లో కూలికి పోయినవాళ్ళం, వీధి పేరు చెప్పాను, ఆమెకు తెలిసింది, ఆమెకు తెలిసిందని నాకూ తెలిసింది, మామూలుగా ఇలాంటి మాటలు అక్కడే ఆగిపోతాయి, ఇవాళ ఆగలేదు, మా చిన్నాయన ఇట్లేప్పా, నీమాదిరే, కోడి తల తిప్పినట్టు తిప్పి తిప్పి చూస్తుండె, మౌసులో దుమ్ము లేదు, నేను పొద్దునే తుడిస్తిని, అంది, అన్నాచ్చికి చెప్పొద్దమ్మా, ఈ పని పోతే నాకు వేరే ఏమీ రాదు, అన్నాను, ఆయనకు నేనేల చెప్తాను, ఆయన మూటలే ఆయనకు అగుపడవు నేను చూపిస్తే గానీ, అని ఒక నవ్వు నవ్వి, వెంటనే నవ్వు ఆపేసి, నీకు బిడ్డలుండారా అంది.

ఒక పాపమ్మా, ఆరేండ్లు, అన్నాను, కండ్లు చూపిస్తిరా అంది, నేను గోడ గడియారం వైపు తల తిప్పాను, మూడుంబావు, నాలుగింటిదాకా, బడి మా ఇంటినుంచి పది నిమిషాల నడక, చూపించలేదమ్మా, బయం, అన్నాను, బయమనే మాట ఇంకొక మనిషితో అనడం ఇదే మొదటిసారి, అది అంత చిన్న మాటగా ఉంటుందనుకోలేదు, మా చిన్నాయన బిడ్డకు ఇరవై ఏండ్లు నిండేదాకా ఎవురూ చూపించలే, మొద్దు మొద్దు అని కొడితిమి అందరమూ, చెంబు తన్నితే కొడితిమి, గడప తట్టుకుంటే కొడితిమి, నేనూ కొడితిని, అంది, అని లేచి టెలిఫోను తెచ్చి నా ముందు పెట్టింది, రిసీవరు తీసి అరచేతిలో పెట్టింది, బంతిని పెట్టినట్టే, చెయ్యప్పా, అన్నాచ్చి వచ్చేదానికి సేపుండాది.

మా వీధి మొదట్లో టైలరు కొట్లో ఫోనుంది, పిలిస్తే ఎవరినన్నా పంపిస్తాడు, ఎస్టీడీ కోడు కొట్టాను, రెండుసార్లు తప్పు కొట్టాను, మూడోసారి టైలరు తీశాడు, జెయంతిని పిలవమన్నాను, ఉండుపా అని రిసీవరు బల్లమీద పెట్టాడు, కుట్టుమిషను చప్పుడు నా చెవిలో పరిగెత్తుతోంది, ఏం చెప్పాలి, పాపను ఇప్పుడే బడికి పిలుచుకు పో అనాలి, జ్వరమన్నావు కదా అంటుంది, అబద్ధమనాలి, ఎందుకు అబద్ధం చెప్పావంటుంది, అప్పుడు అన్నీ చెప్పాలి, చెబితే ఆమెకు భయం, ఇరవై నాలుగేళ్ళ పిల్ల, నన్ను కట్టుకోనని అనడానికి కూడా లేకుండా మామ అని కట్టుకుంది, ఇంకా రాలేదు, మూడున్నర కావస్తోంది, ఇంట్లో లేదేమో, ఎందుకు లేదు, మామా, అంది, ఊపిరి ఎగబోస్తూ, ఏమాయె మామా, ఎందుకు ఫోను, బస్సులో ఏమన్నా అయితివా, లేదు లేదు, నేను బాగుండా, జెయంతీ, పాపను, అన్నాను, మామా కోపం పడొద్దు, అంది నాకంటే ముందే, పాపకు జొరం లేదు, నీకు తెలుసు, నాకూ తెలుసు, నువ్వు బస్సెక్కినాక నేను బడికి పిలుచుకు పోతిని.

ఏమన్నారు, అన్నాను, దాని కండ్లు ఇప్పటికి బాగుండాయంట మామా, పెద్దయితే ఎట్లో ఇక్కడ చెప్పలేమంట, వంశంలో ఎవురికైనా ఉండాదా అని అడిగిరి, ఇసక్కి తాత సంగతి చెప్తిని, మదురై ఆసుపత్రికి రండి, లోపల వెలుగేసి చూడాల అనిరి, మూడు చీటీలు రాసిచ్చిరి, మూడెందుకే, ఒకటి పాపకు, ఒకటి నీకు, అంది, అవతల కుట్టుమిషను ఆగింది, నువ్వు చెప్పకుంటే నాకు తెలియదనుకుంటివా మామా, అన్నం కాడ నీళ్ళ చెంబు ఏ పక్కన పెట్టినా చేత్తో తడుముకుంటుండావే, దినమూ చూస్తుండా, నువ్వే చెప్తావు చెప్తావు అని చూస్తి, నువ్వు చెప్పవు, నాకు చూస్తూనే ఏడాది పాయె, జెయంతీ, నాకు పక్కలు అగుపడడం లేదే, అన్నాను, ఎదురుగా చెల్లమ్మాళ్ అమ్మ ఉందని కూడా చూడకుండా, అవును మామా అంది, ఏడవలేదు, మూడోది, అన్నాను, మూడో చీటీ ఎవురికి, రిసీవరును చెవికి ఇంకా గట్టిగా నొక్కుకున్నాను, నాకు మామా, అంది, పొద్దుగూకితే నాకూ దారి తెలియడం లేదు, రెండేండ్లాయె, నీకు చెప్తే నువ్వు బయపడతావని.

అన్నాచ్చి లోపలికి వచ్చాడు, ఏంపా, ఇంట్లో అందరూ బాగేనా అన్నాడు తమిళంలో, ఆయనకు మా మాటలు అర్థం కావు, తల ఊపాను, జెయంతి పెట్టేసినా రిసీవరు నా చెవికే ఉంది, రెండేళ్ళు, నాకు పొద్దుగూకితే కనబడదు, ఆమెకూ కనబడదు, మరి రెండేళ్ళుగా ప్రతి ఆదివారమూ సాయంకాలం ముగ్గురమూ మా అక్క ఇంటికి పోయి చీకటిపడ్డాక ఎలా తిరిగొస్తున్నాం, ఆ సందులో దీపం లేదు, కాలవ ఉంది, మూడు మెట్లున్నాయి, ఎవరో ఒకరు ఎప్పుడూ సైకిలు అడ్డం పెట్టి ఉంటారు, నేను జెయంతికి కనబడుతుందని ధైర్యంగా నడిచాను, జెయంతి నన్ను కనిపెట్టుకుని వచ్చిందే గానీ తనను ఎవరు, ఇద్దరి నడుమ మారిసెల్వి, ఒక చెయ్యి నాకు, ఒక చెయ్యి వాళ్ళమ్మకు ఇచ్చి, బస్సు కండక్టరు మాదిరి అరుస్తూ, మెట్టు వచ్చె, ఇంకో మెట్టు వచ్చె, కాలవ వచ్చె దాటండి, సైకిలు ఉండాది ఈ పక్కకి రండి, దిగేవాళ్ళు దిగండి, మేమిద్దరం నవ్వేవాళ్ళం, దీనికి ఎప్పుడూ ఆటే అని జెయంతి అనేది, కండక్టరమ్మా ఒక టికెట్టు ఇయ్యమ్మా అని నేను అనేవాణ్ణి, అది మాత్రం నవ్వేది కాదు, మెట్టు అయిపోయేదాకా, కాలవ దాటేదాకా మా వేళ్ళను నొక్కి పట్టుకుని, దాని అరచెయ్యి ఎప్పుడూ చెమటతో తడిగా ఉండేది, చలికాలంలో కూడా, పిల్లలకు అలాగే ఉంటుందిలే అనుకున్నాను, అది ఆట కాదు, దానికి మా ఇద్దరి సంగతీ తెలుసు, ఎప్పటినుంచో తెలుసు, నాది వాళ్ళమ్మకు చెప్పలేదు, వాళ్ళమ్మది నాకు చెప్పలేదు, దాన్ని భయపెట్టకూడదని మేము చెరొకవైపు నోరు మూసుకుని నడుస్తుంటే, మా ఇంట్లో అందరికంటే ఎక్కువ భయం ఆరేళ్ళ పిల్లదే, ఆ భయంతోనే మమ్మల్ని ఇన్నాళ్ళు ఇంటికి చేర్చింది.